ఓటీపీ సూరత్‌లో, వేలు పర్లాకిమిడిలో

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి బజారులో నేను తరచు వెళ్లే జిరాక్సు దుకాణం ఒకటుంది. పేరుకే జిరాక్సు. కాగితం నకలు తీయడం అక్కడి పనిలో పదో వంతు కూడా ఉండదు. రేషను కార్డుకు ఈకేవైసీ, పింఛను, స్కాలర్‌షిప్ దరఖాస్తు, కరెంటు బిల్లు, రైలు టికెట్టు, పదో తరగతి మార్కుల జాబితా... మనిషికీ సర్కారుకూ మధ్య నడిచే వ్యవహారమంతా ఆ అరుగు మీదే తేలాలి. ఒక కంప్యూటర్, ఒక ప్రింటరు, వేలిముద్ర పెట్టే చిన్న పెట్టె, పక్కన పొడుగాటి నోటుపుస్తకం. ఒడియా, తెలుగు ఒకే వాక్యంలో కలిసి దొర్లుతుంటాయి. సంత రోజున కొండల్లోని సవర గిరిజనుల మాట కూడా వినబడుతుంది.

ఒక ఉదయం నా ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పింఛను పని. పెట్టె మీద వేలు పెట్టింది, ముద్ర పడలేదు. కొంగుతో తుడుచుకుని పెట్టింది, పడలేదు. వేలును తలలో రుద్దుకుని, ఆ కాస్త నూనె జిడ్డుతో మూడోసారి పెట్టింది. అయినా పడలేదు. దుకాణం కుర్రాడు ఇక రెండో దారి పట్టాడు.

"మామ్మా, ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు ఎవరిది?"

"మా వాడిదే బాబూ. వాడి దగ్గరే ఉంది ఫోను."

"వాడెక్కడ?"

"సూరత్‌లో."

కొంగున ముడివేసుకున్న చీటీ విప్పి నంబరు చూపించింది. కుర్రాడు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. గంజాం నుంచీ, చుట్టుపక్కల జిల్లాల నుంచీ సూరత్ మరమగ్గాలకు పోయిన వాళ్లకు పన్నెండు గంటల షిఫ్టు మామూలే. రాత్రంతా మగ్గం దగ్గర నిలబడినవాడు ఉదయం పదింటికి నిద్రలో ఉంటాడు. ఓటీపీ అతని తలగడ పక్కన వెలిగి, నిమిషాల్లో గడువు తీరి ఆరిపోయి ఉంటుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పెట్టె సరిగ్గానే పనిచేసింది, సర్వర్ సరిగ్గానే సందేశం పంపింది, నంబరు కూడా సరైనదే. అన్నీ సరిగ్గా జరిగినందుకే ఆవిడ పని కాలేదు. సమాచార సాంకేతికతను మానవీయం చేయాలన్న మాట సభల్లో వినబడినప్పుడల్లా నాకు ఈ ఉదయమే గుర్తొస్తుంది.

ఆ మాట పెద్ద నగరాల్లో పలికితే అర్థం వేరుగా ఉంటుంది. అక్కడివాళ్ల బాధ ఫోను తమను వదలడం లేదని. వేలితో తోస్తున్న కొద్దీ అడుగు తగలని పేజీని 2006లో ఒక అమెరికన్ రూపకర్త తయారుచేశాడు. 2009లో ఫేస్‌బుక్ 'లైక్' బొత్తాం పెట్టింది. అప్పటినుంచి మన ధ్యాసను పట్టి ఉంచడమే వ్యాపారమైంది. మాయచేసి బొత్తాం నొక్కించే పద్ధతులను మన దేశంలో 2023 నవంబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాలుగా గుర్తించి నిషేధించింది. ఇదంతా నిజమే, కావలసిందే. అయితే సరిహద్దు జిల్లాల బాధ దీనికి తలకిందులు. మా దగ్గర ఫోను మనిషిని వదలకపోవడం కాదు, లోపలికి రానివ్వకపోవడం. ఈ రెండో బాధ గురించి రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

యంత్రం మనసులో ఉన్న మనిషి

ఏ వ్యవస్థనైనా తయారుచేసేవాళ్లు ముందుగా ఒక మనిషిని ఊహించుకుంటారు. అతనికి సొంత ఫోను ఉంటుంది, అది ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. అతని వేళ్ల మీద గీతలు చెరిగిపోలేదు. అతని పేరుకు ఒకే వర్ణక్రమం. అతను ఉంటున్న రాష్ట్రపు భాషే అతని భాష. పర్లాకిమిడి దుకాణం ముందు నిలబడితే, ఈ ఊహకు పూర్తిగా సరిపోయే మనిషి గంటకు ఒకడు కూడా కనబడడు.

వేళ్ల సంగతే చూడండి. వయసు పెరిగిన కొద్దీ చర్మం ఎండి గీతలు పలచబడతాయి. మట్టిపని, రాతిపని చేసేవాళ్లకు ముందే అరిగిపోతాయి. మా ప్రాంతానికి మరో కారణం కూడా ఉంది. సరిహద్దుకు అవతల పలాస, ఇవతల మా జిల్లాలు జీడిపిక్కలకు పేరు. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టిన ఆడవాళ్ల వేలికొసలు నున్నగా, నల్లగా మారిపోతాయి. వాళ్ల ముద్ర పడకపోవడానికి కారణం పని. ఆ పని చేసినందుకే వాళ్లకు రేషను అవసరం, ఆ పని చేసినందుకే రేషను కష్టం.

ప్రభుత్వ సేవల్లో ఆధార్ ధ్రువీకరణ 100కు 88 వంతున ఫలిస్తోందని ఆధార్ కార్డులిచ్చే ప్రాధికార సంస్థే 2018 మార్చిలో సుప్రీంకోర్టుకు తెలిపింది. 88 అంటే పరీక్షలో మంచి మార్కులే. మిగిలిన 12లో మీరు ఉంటే మాత్రం మీకు అది సున్నా. అంతకుముందే, 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ ఒక ఉత్తర్వు పంపింది. వేలిముద్ర పడలేదనో, ఆధార్ లింకు కాలేదనో అర్హులకు తిండిగింజలు ఆపకూడదు, మరో గుర్తింపు కార్డు చూసి ఇచ్చి, ఆ వివరం విడిగా ఒక రిజిస్టరులో రాసుకోవాలి అని. 2018 సెప్టెంబరు 26న వచ్చిన ఆధార్ తీర్పు కూడా ధ్రువీకరణ కాలేదన్న కారణంతో ఎవరికీ లబ్ధి నిరాకరించరాదన్నది. అంటే తలుపు ఉంది. ఆ తలుపు కాగితం మీద ఉంది, యంత్రం తెర మీద లేదు. తెర మీద కనబడేది ఒక్క ఎర్ర గీత, దాని కింద "ప్రమాణీకరణ విఫలమైంది" అన్న రెండు మాటలు. దాన్ని చదివిన డీలరు, ఇంకేముంది, చేతులు ఎత్తేస్తాడు. అదే తెర "వేలిముద్ర పడలేదు, వేరే కార్డు చూసి ఇవ్వవచ్చు, ఇక్కడ రాయండి" అని చెప్పి ఉంటే? ఒక బొత్తాం, ఒక వాక్యం. ఖర్చు లేదు. అయినా పెట్టాలని ఎవరికీ తోచలేదంటే, తయారుచేసిన చోట విఫలమైన మనిషి ఎవరి కళ్లకూ కనబడలేదనే నేను అనుకుంటాను.

వెంకటరావు బెంకటరావు అయిన కథ

పేర్ల చిక్కు ఇంకా ఆసక్తికరం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ ముడి ఎక్కడ పడిందో చాలామందికి తెలియదు.

తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు చెబుతాం. ఒడిశాలో ఇంటిపేరు చివర వస్తుంది. దరఖాస్తులోని మొదటి గడిలో పేరు, చివరి గడిలో ఇంటిపేరు రాయమంటుంది కంప్యూటర్. మన వెంకటరావు ఇంటిపేరు మొదటి గడిలోకి పోతుంది, 'రావు' చివరి గడిలోకి పోతుంది. ఇలా ఊళ్లోని రావులందరూ కంప్యూటర్ లెక్కలో ఒకే వంశస్థులైపోతారు. సొంత అన్నదమ్ములు అప్పారావు, సత్యం మాత్రం పరాయివాళ్లవుతారు.

ఆ తర్వాత లిపి. ఒడిశాలో కార్డు తీసుకున్నవాళ్లకు ఇంగ్లిషు పక్కన సాధారణంగా ఒడియా ఉంటుంది. తెలుగు పేరు ఒడియాలోకి, అక్కడినుంచి ఇంగ్లిషులోకి, మళ్లీ వెనక్కి ప్రయాణం చేస్తుంది. ఒడియా వాడుకలో 'బ', 'వ' రెండింటికీ ఎక్కువగా ఒకే అక్షరం. హ్రస్వ 'ఎ'కూ దీర్ఘ 'ఏ'కూ, 'ఒ'కూ 'ఓ'కూ విడివిడి అక్షరాలు లేవు. కాబట్టి వెంకటరావు ఒడియాలో 'బెంకట రాఓ' అవుతాడు. దాన్ని చూసి ఎవరైనా ఇంగ్లిషులో రాస్తే 'బ'తోనే రాస్తారు. ఒడియా మిత్రులకు ఇందులో వింత ఏమీ లేదు, వాళ్ల భాషకు అది సహజం. మన 'కొండ'ను వాళ్లు సాగదీస్తే మనం నవ్వుతాం, వాళ్ల 'అ'కారాన్ని మనం పలికితే వాళ్లు నవ్వుతారు. మనుషుల మధ్య ఇది సరసం. బ్యాంకు కంప్యూటర్‌కు ఇది మోసం.

కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో చూస్తే మరీ ముచ్చటగా ఉంటుంది. యంత్రానికి అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ప్రపంచంలోని లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగు 'క' సంఖ్య 3093, ఒడియా 'క' సంఖ్య 2837. తేడా 256. 'ఖ'కు కూడా అంతే తేడా, 'గ'కు కూడా అంతే. ఇది యాదృచ్ఛికం కాదు. భారతీయ లిపుల్లో చాలావరకు ఒకే తల్లి బిడ్డలన్న ఎరుకతో మనవాళ్లే 1980లలో 'ఇస్కీ' అనే పద్ధతి రూపొందించారు. ఒక లిపిలోని అక్షరానికి ఎదురుగా మరో లిపిలో అదే ధ్వని ఉండే అక్షరం వచ్చేలా వరుసలు పేర్చారు. యూనికోడ్ ఆ వరుసలనే తీసుకుంది. కాబట్టి తెలుగు మాటలోని ప్రతి సంఖ్య నుంచీ 256 తీసేస్తే చాలు, అది ఒడియా లిపిలోకి మారిపోతుంది. ఎంత అందమైన ఆలోచన!

కానీ పంక్తిలో కొన్ని విస్తళ్లు ఖాళీ. తెలుగు హ్రస్వ 'ఎ' సంఖ్య 3086. అందులోంచి 256 తీస్తే 2830. ఒడియా వరుసలో ఆ స్థానంలో ఎవరూ లేరు. హ్రస్వ 'ఒ'దీ అదే కథ. వెంకటరావులోని ఎత్వం కూర్చోవడానికి ఒడియా పంక్తిలో చోటే లేదు. అలాంటప్పుడు ఏంచేయాలో ప్రోగ్రాము రాసేవాడు ముందే ఆలోచించాలి. పక్కనున్న 'ఏ'లో సర్దాలా, వదిలేయాలా, మనిషిని అడగాలా? చాలాచోట్ల మొదటి రెండే జరుగుతాయి. మూడోది, అంటే "అయ్యా, మీ పేరు ఇలా రాస్తున్నాం, సరేనా?" అని అడగడం, మానవీయం అన్న మాటకు నాకు తెలిసిన మొదటి అర్థం.

ఇక పేరు ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా, భూమి కాగితంలో మరోలా ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మా ఊరికే ఎన్నో పేర్లు మరి. తెలుగులో పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి, ఇంగ్లిషు కాగితాల్లో ఇంకో నాలుగు రకాలు. బరంపురం, బ్రహ్మపుర ఒకే ఊరని ఆ దారిన పోయే బస్సు కండక్టరుకు తెలుసు. దరఖాస్తును తిరగ్గొట్టే ప్రోగ్రాముకు తెలియదు.

అక్షరం తప్పా, ఆలోచన తప్పా

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. 'జ్ఞా' అన్న అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి సందేశంగా వస్తే ఐఫోన్లు స్తంభించిపోయాయి. సందేశాల యాప్ తెరుచుకునేది కాదు. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సవరణ పంపింది. అయితే వార్తల్లో దోషిగా నిలబడింది తెలుగు అక్షరం, ఫోనును చంపే అక్షరమట! జ్ఞానంలో మొదటి అక్షరాన్ని చూపించలేకపోయిన యంత్రానిది కదా లోపం? గడప దాటలేనివాడికి బదులు గడపను తిట్టినట్టుంది. కోట్ల మంది రాసే అక్షరాన్ని ఆ గుర్తుతో కలిపి ఎవరూ పరీక్షించి చూడలేదు, అంతే.

చిన్న భాషలకు ఈ వెనకబాటు ఎంత ఉంటుందో చెప్పడానికి మా ప్రాంతంలోనే సాక్ష్యం ఉంది. మంగేయి గొమాంగో సవర భాష కోసం 'సొరా సోంపెంగ్' లిపిని 1936లో తయారుచేశాడు. దానికి యూనికోడ్‌లో స్థానం దొరికింది 2012లో. 76 ఏళ్లు. లిపి పుట్టినప్పుడు పుట్టిన బిడ్డ, తన లిపి ఫోనులో చేరే అర్హత సంపాదించేసరికి ముత్తాత అయి ఉంటాడు.

బ్యాంకు సందేశాలు మనకు ఇంగ్లిషులోనే ఎందుకు వస్తాయన్నది మరో ప్రశ్న. నిర్లక్ష్యం ఒక కారణం, లెక్క మరో కారణం. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు ఒక్కో సంకేతానికి 16 బిట్లు కావాలి, 70 మాత్రమే పడతాయి. పైగా మన అక్షరం ఒక్కటిగా కనబడినా లోపల విడిపోతుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరు స్థానాలు పోతాయి. "మీ ఖాతాలో రూ. 500 జమ అయింది" అన్న వాక్యం 27 స్థానాలు తినేస్తుంది. దానికి ఖాతా నంబరు, తేదీ, మిగిలిన నిల్వ, బ్యాంకు పేరు చేర్చితే 70 దాటుతుంది. దాటితే రెండు సందేశాలు, రెండు సందేశాల ఖర్చు. కోట్ల సందేశాలు పంపే సంస్థ ఏ భాష ఎంచుకుంటుందో ఊహించవచ్చు. ఈ ఇబ్బంది తగ్గించడానికి మొబైల్ ప్రమాణాల్లో తెలుగుకు, ఒడియాకు కూడా ప్రత్యేక పట్టికలు రాసి పెట్టారు. వాడినవాళ్లు మాత్రం అరుదు.

కాబట్టి మన మామ్మకు పింఛను పడిందో లేదో చెప్పే సందేశం ఆవిడకు రాని భాషలో, ఆవిడ దగ్గర లేని ఫోనుకు వెళుతుంది.

భాష నేలదా, మనిషిదా

పాతపట్నం, పర్లాకిమిడి రెండూ మహేంద్రతనయ ఒడ్డు ఊళ్లే. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు. మనుషులు, కూరగాయలు, పెళ్లి సంబంధాలు అడ్డు లేకుండా దాటుతాయి. ఫోను సంకేతం కూడా దాటుతుంది. టవర్లకు సరిహద్దు కనబడదు, ఏది బలంగా ఉంటే ఫోను దాన్ని పట్టుకుంటుంది. మామూలు కాల్‌కు దీనివల్ల నష్టం లేదు. 108 లాంటి అత్యవసర నంబర్ల సంగతి వేరు. ఆ కాల్ ఏ టవర్ మీదుగా వెళితే ఆ ప్రాంతపు కేంద్రానికి చేరే ఏర్పాటు ఉంటుంది. ఒడిశా పల్లెలో నిలబడి ఫోను చేస్తే ఆంధ్ర కేంద్రంలో మోగే వీలుంది. అప్పుడు వింత చూడండి, ఎత్తినవాళ్లు చక్కగా తెలుగులో మాట్లాడతారు, రావలసిన బండి మాత్రం రెండో రాష్ట్రానిది. భాష కుదిరినచోట బండి కుదరదు, బండి కుదిరినచోట భాష కుదరదు.

దీని వెనక ఉన్న తర్కం ఒకటే: భాషను రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించడం. టెలికాం సర్కిళ్లు దాదాపు రాష్ట్రాల వారీగా గీశారు. ఒడిశా సిమ్ తీసుకుంటే రికార్డు చేసిన గొంతు ఒడియా, హిందీ, ఇంగ్లిషులో పలుకుతుంది. ఇది తప్పని కాదు, ఒడిశాలో ఒడియా ముందుండాలి. కానీ భాషను నేలకు కట్టేస్తే నేల మీద ఉన్న మనిషి జారిపోతాడు.

రాజ్యాంగం ఈ విషయంలో యంత్రం కన్నా ఉదారంగా ఉంది. 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గాని ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. కలెక్టరు కార్యాలయంలో తెలుగులో రాసిన కాగితం ఇస్తే తీసుకోవాల్సిందే. అదే అర్జీని ఆన్‌లైన్‌లో పెట్టబోతే, గడిలో తెలుగు కొట్టగానే "ప్రత్యేక చిహ్నాలు వాడరాదు" అని తిప్పికొట్టే ఫారాలు నాకు ఎదురయ్యాయి. అమ్మ నేర్పిన అక్షరాలు ప్రత్యేక చిహ్నాలట.

కొత్త చట్టాల్లో ఒకటి మాత్రం దారిలో పడింది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మన వివరాలు తీసుకునే ముందు ఇచ్చే నోటీసును ఇంగ్లిషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే వీలు ఇవ్వాలంటుంది. ఏ రాష్ట్రంలో ఉన్నావని అడగలేదు, ఎంచుకునేది మనిషే. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు విడతలుగా జరుగుతుంది. పూర్తిగా అమలులోకి వచ్చాక బరంపురంలోని తెలుగువాడు తెలుగులో, శ్రీకాకుళంలోని ఒడియావాడు ఒడియాలో అడిగి తీసుకోవచ్చు. ఒడిశా తెలుగువాళ్లు చాలామంది తమకు దక్కేవి ఉపకారాలనుకుంటారు. ఇది హక్కు. అయితే సవర, కుయి, గోండి ఎనిమిదో షెడ్యూలులో లేవు. మన పక్కన అదే అరుగు మీద కూర్చున్న మనిషికి ఈ హక్కు ఇంకా అందలేదు.

రెండు కార్డుల పల్లెలు

మహారాష్ట్ర వైపు చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో 14 పల్లెలున్నాయి. మహారాష్ట్ర తమవి అంటుంది, తెలంగాణ తమవి అంటుంది. అక్కడివాళ్లలో చాలామందికి రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు ఓట్లు. మా కోరాపుట్ అంచున కొటియా పల్లెల మీద ఒడిశాకు, ఆంధ్రకు ఉన్న వివాదం కూడా ఇలాంటిదే. ప్రభుత్వాలు పోటీపడి కార్డులిచ్చాయి, జనం పుచ్చుకున్నారు. ఇప్పుడు నకిలీలు ఏరే ప్రోగ్రాము వచ్చి, ఒకే ఆధార్ మీద రెండు కార్డులు చూసి వాళ్లను దొంగల జాబితాలో వేస్తే అది ఎవరి నేరం? కంప్యూటర్‌కు వివాదం అన్న గడి లేదు. అవును, కాదు అన్న రెండే గడులున్నాయి. ఏళ్లుగా రెండు రాష్ట్రాలు తేల్చలేకపోయిన ప్రశ్నకు పొలం నుంచి వచ్చిన గోండు రైతు ఒక్క బొత్తాంతో జవాబు చెప్పాలి.

గడప ఎత్తడం, గడప దించడం

మానవీయం అంటే అన్నీ సులువు చేయడమే అనుకుంటే పొరపాటు. 2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారుతో సంచార జాతికి చెందిన ఐదుగురిని కొట్టి చంపారు. ఆ ఏడాది దేశంలో ఇలాంటి ఘోరాలు మరికొన్ని జరిగాయి, వాట్సాప్‌లో తిరిగిన పుకార్ల మీద వేలు చూపారు. ఆ నెలలోనే ఆ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఆరు నెలలకు ప్రపంచమంతా అదే నియమం. ఎవరి నోరూ మూయలేదు, ఎవరి సందేశమూ చదవలేదు. పంపే చేతికి కాస్త బరువు తగిలించారు, ఆ లోపల మనిషి ఒక్క క్షణం ఆలోచించే వీలు కలిగించారు. పుకారు దగ్గర గడప ఎత్తాలి. పింఛను దగ్గర దించాలి. మనకు జరుగుతున్నది చాలావరకు దీనికి విరుద్ధం.

దించడం ఎలా ఉంటుందో చూడాలంటే గోండి ప్రాంతాలకు పోవాలి. 2010లో శుభ్రాంశు చౌదరి అనే పాత్రికేయుడు మధ్యభారతంలో 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టాడు. చదువు అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు. మామూలు ఫోను నుంచి మిస్డ్ కాల్ ఇస్తే యంత్రమే తిరిగి ఫోను చేసేది. ఒకటి నొక్కితే మన మాట రికార్డయ్యేది, రెండు నొక్కితే ఇతరుల మాటలు వినబడేవి. గోండిలో చెప్పినా సరే. బోరు పాడైందని, కూలి డబ్బులు రాలేదని జనం చెప్పారు. విని సరిచూసే మనుషులు మధ్యలో ఉన్నారు. మిస్డ్ కాల్ అన్నది ఏ కంపెనీ కనిపెట్టలేదన్నది గమనించండి. డబ్బులు లేనివాళ్లు కనిపెట్టిన భాష అది. దాన్ని తీసుకుని వ్యవస్థ కట్టారు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన, బొత్తాల ఫోనుకు పనికొచ్చే యూపీఐ పద్ధతుల్లో కూడా మిస్డ్ కాల్ ఒకటి. అంగట్లో "ఇరవై రూపాయలు వచ్చాయి" అని పలికే చిన్న పెట్టె కూడా ఈ కోవదే. చదవలేని బండివాడికి చెవి తెరిచింది.

2022 జులైలో కేంద్రం మొదలుపెట్టిన 'భాషిణి' వంటివి మాటను మాటగానే అనువదిస్తామంటున్నాయి. మంచిదే. వార్తలు చదివే గొంతు తెలుగు నేర్చిన యంత్రానికి, సగం ఒడియా కలిసిన మా బజారు తెలుగు ఎంతవరకు అర్థమవుతుందన్నది పరీక్ష.

ఈ పరీక్ష మా ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలోనే పంతులు. కొండల నుంచి దిగివచ్చే సవరల మాట ఊళ్లో ఎవరికీ పట్టడం లేదని, తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. వాళ్లకు వాచకాలు రాశాడు, బడులు పెట్టాడు. 1931లో సవర భాష వివరణ గ్రంథం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగు బడి పుస్తకాలు జనం మాట్లాడే భాషలో ఉండాలని ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రికి వెళ్లిపోయాడు. "ప్రమాణీకరణ విఫలమైంది" అన్న వాక్యం ఆయన కంట పడి ఉంటే ఏమనేవాడో నేను ఊహించగలను గాని ఇక్కడ రాయను.

దుకాణం సంగతి పూర్తి చేయాలి. జన సేవా కేంద్రాలు, ఇలాంటి చిన్న అంగళ్లు లేకపోతే మా జిల్లాల్లో డిజిటల్ పాలన ఒక్క రోజు నడవదు. యంత్రం వదిలేసిన ఖాళీలను ఈ కుర్రాళ్లు పూడుస్తున్నారు, కాగితానికి ఇరవయ్యో ముప్పయ్యో పుచ్చుకుని. ప్రమాదం లేదనను. మంచివాడు కాకపోతే అదే వేలితో డబ్బు తీసేసి, రాలేదని చెప్పగలడు. ఆ నోటుపుస్తకం కూడా అందరి కళ్ల ముందు తెరిచే ఉంటుంది, కొత్త చట్టం రాసినవాళ్లు చూస్తే గుండె పట్టుకుంటారు.

ఆ ఉదయం నేను దాంట్లోకి తొంగిచూశాను. ప్రతి మనిషికీ ఒక వరుస. పేరు తెలుగులో, మనం పిలిచినట్టే. పక్కన ఆధార్‌లో ఉన్న ఇంగ్లిషు వర్ణక్రమం, బ్యాంకులో ఉన్నది, రెండింటికీ తేడా ఉంటే ఎర్ర సిరాతో సున్న. ఒక వెంకటరావుకు మూడు సున్నలున్నాయి. మామ్మ పేరు రాసి, కుర్రాడు కొడుకు నంబరు ఎదురుగా ఇలా రాసుకున్నాడు: "సూరత్. రాత్రి షిఫ్టు. సాయంత్రం నాలుగు తర్వాత చేయాలి. ఎడమచేతి చిటికెన వేలు ఒకసారి చూడాలి."

"సాయంత్రం రా మామ్మా" అన్నాడు. ఆవిడ చీటీని మళ్లీ కొంగున ముడి వేసుకుంది.